1997 నాటి తనఖా ఇప్పుడు ఈసీలో తేలింది. కాలదోషం పట్టిన అప్పు కట్టాలా, వదిలేయాలా?

తెనాలి_ప్యాసింజర్:
కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి. తెనాలి దగ్గర మా నాన్న తన సొంత సంపాదనతో స్థలం కొని కట్టుకున్న ఇల్లు. ఆయన పోయి ఆరేళ్ళు. అమ్మ నా దగ్గర బెంగళూరులో ఉంటోంది, అన్నయ్య హైదరాబాదులో, అక్క డాలస్‌లో. ఇంటికి తాళం వేసి మూడేళ్ళయింది, గోడలు చెమ్మ పట్టి పెచ్చులూడుతున్నాయి, అమ్మేద్దామని నలుగురం ఒప్పుకున్నాం. 62 లక్షలకు బేరం కుదిరింది, 6 లక్షలు బయానా తీసుకుని అగ్రిమెంట్ రాసుకున్నాం.

మేం తీయించిన ఈసీ (ఆస్తి మీద తాకట్లూ, లావాదేవీలూ చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 13 ఏళ్ళది, శుభ్రంగా ఉంది. కొనేవాళ్ళు హోమ్ లోన్‌కి వెళ్తే ఆ బ్యాంకు లాయరు 30 ఏళ్ళది అడిగాడు, అందులో బయటపడింది. 1997లో నాన్న ఒక పట్టణ సహకార బ్యాంకులో దస్తావేజులు పెట్టి లక్ష రూపాయలు తెచ్చినట్టు రిజిస్టరైన తనఖా ఉంది, విడుదల అయినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఆ బ్యాంకు ఇప్పుడు లేదు, ఇరవై ఏళ్ళ కిందటే లైసెన్సు పోయి లిక్విడేషన్‌లోకి, అంటే బాకీలు తేల్చి మూసేసే ప్రక్రియలోకి, వెళ్ళింది. అమ్మనడిగితే "పెద్దాడి మందుల షాపు కోసం తెచ్చారు, కట్టేశారనుకుంటా" అంటుంది. అనుకుంటా, అంతే.

అది ఐదేళ్ళ వాయిదాల అప్పు, 2002తో గడువు అయిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్క నోటీసు కూడా మాకు తెలిసి ఇంటికి రాలేదు. మరి ఇప్పుడు నేనెందుకు కట్టాలి? నేనే వెళ్ళి ఆ లెక్కలు తేల్చే అధికారి, అంటే లిక్విడేటర్, తలుపు తడితే, మర్చిపోయినవాళ్ళకి నేనే గుర్తుచేసి మరీ డబ్బులు ఇచ్చినట్టు కాదా? కట్టక్కర్లేదని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

ఖర్చులేని_సలహా:
కట్టకు బ్రో. 12 ఏళ్ళు దాటితే తనఖా అప్పు మీద దావా వేసే హక్కు పోతుంది, 2014తోనే నీ కథ కంచికి వెళ్ళిపోయింది. ఆ లాయరుకి ఇది చెప్పు, ఒపీనియన్ మార్చి రాస్తాడు.

నల్లకోటు:
పైన చెప్పిన 12 ఏళ్ళ లెక్క సగం నిజం, ఆ సగంతోనే చాలామంది మునుగుతారు. లిమిటేషన్ చట్టం 1963లో 62వ ఆర్టికల్ ప్రకారం తనఖా సొమ్ము వసూలుకి దావా వేయడానికి 12 ఏళ్ళే గడువు, నిజమే. కానీ గడువు దాటితే పోయేది దావా వేసే దారి మాత్రమే, అప్పు చెరిగిపోయినట్టు కాదు, ఈసీలో ఎంట్రీ దానంతటదే లేచిపోదు. కాలదోషం మిమ్మల్ని ఆ ఇంట్లోంచి ఎవరూ వెళ్ళగొట్టకుండా కాపాడుతుంది, ఇల్లు అమ్మిపెట్టమంటే మాత్రం అది దాని పని కాదు.

పైగా నడుమ నాన్నగారు బ్యాంకుకి ఏమైనా రాసిచ్చారా, కొంత జమ చేశారా అన్నది మీకు తెలీదు. గడువు లోపల సంతకంతో బాకీ ఒప్పుకున్నా, కొంత కట్టి దానికి రాతపూర్వక ఆధారం ఉన్నా 12 ఏళ్ళు మళ్ళీ మొదటినుంచి మొదలవుతాయి. సహకార శాఖ ద్వారా అవార్డు (బాకీ వసూలుకి ఇచ్చే తీర్పు) ఏదైనా తెచ్చుకున్నారేమో అదీ చూడాలి. ఇవేవీ చూడకుండా 2014తో అయిపోయింది అనడం ధైర్యమే, తెలివి కాదు.

ఒక్క మాట అడుగుతాను, ఒరిజినల్ దస్తావేజు ఎవరి దగ్గరుంది?

తెనాలి_ప్యాసింజర్:
బీరువాలో ఉన్నది సర్టిఫైడ్ కాపీ అండీ. నిజం చెప్పాలంటే నిన్నటిదాకా అదే ఒరిజినల్ అనుకున్నాను.

నల్లకోటు:
అయితే మీరు అనుకున్నంత తేలిక కాదు. ఒరిజినల్ ఇంట్లో దొరికి ఉంటే అప్పు తీరింది, విడుదల రిజిస్టర్ చేయించుకోవడం మర్చిపోయారు అని గట్టిగా వాదించవచ్చు, మన దగ్గర అలా వదిలేసిన కేసులు కోకొల్లలు. కాగితం అవతల ఉంది కాబట్టి ఇంకో గడువు కూడా లెక్కపెట్టుకోండి. తనఖా విడిపించుకునే హక్కుకి 61వ ఆర్టికల్ కింద 30 ఏళ్ళు, అంటే 2002 నుంచి లెక్కేస్తే 2032. విడిపించమని కోర్టుకి వెళ్ళినా, వాళ్ళ దావాకి కాలం చెల్లింది కదా అని ఊరికే ఇప్పించరు, బాకీ కట్టి విడిపించుకోమంటారు. "వాళ్ళకి 12 అయిపోయాయి" అని మురిసిపోతూ కూర్చుంటే మీ 30 కూడా అయిపోతాయి.

కొని_చెడ్డవాడు:
నేను కొనేవాళ్ళ వైపు నుంచి మాట్లాడతాను, ఎందుకంటే నాలుగేళ్ళ కిందట సరిగ్గా ఈ గుంటలోనే పడ్డాను. అమ్మేవాళ్ళు ఇలాగే "పాత ఎంట్రీ, పట్టించుకోకండి" అన్నారు, ఏదైనా నష్టం వస్తే మేం భరిస్తామని స్టాంపు పేపరు మీద ఇండెమ్నిటీ రాసిచ్చారు, నమ్మి పూర్తి సొమ్ము ఇచ్చేశాను. ఇప్పుడు నేను టాప్ అప్ లోన్‌కి వెళ్తే నా బ్యాంకు అదే ఎంట్రీ చూపించి కుదరదంది. అమ్మినాయన ఫోను ఎత్తడు. ఆ ఇండెమ్నిటీ కాగితాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకోవాలి.

అన్నా, మీ అగ్రిమెంట్‌లో "ఎట్టి తాకట్టులు, జప్తులు, అన్యాక్రాంతములు లేవు" అన్న వాక్యం ఉండే ఉంటుంది. డాక్యుమెంట్ రైటర్ అలవాటుగా కొట్టేస్తాడు, మనం అలవాటుగా సంతకం పెడతాం. కానీ ఆ సంతకం మీదే. ఇప్పుడొచ్చి "నేనెందుకు కట్టాలి" అంటే, మరి వాళ్ళెందుకు కట్టాలి?

ఖర్చులేని_సలహా:
తనఖా ఉన్న ఇల్లు అమ్మకూడదని చట్టంలో ఎక్కడుంది? రేటు ఒక లక్ష తగ్గించి, ఉన్నది ఉన్నట్టు రాసి అమ్మేస్తే సరి.

నల్లకోటు:
అమ్మకూడదని లేదు, నిజమే. తనఖాతో సహా అని ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటే అది కొన్నవాడి వెంట పోతుంది. వీళ్ళు అలా రాసుకోలేదుగా, ఏ భారమూ లేదని రాశారు. అలా రాసినప్పుడు ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కొన్నవాడికి ఒక మంచి వెసులుబాటు ఇస్తుంది, ధరలోంచి ఆ బాకీ మేరకు పట్టుకుని, ఎవరికి రావాలో వాళ్ళకి తానే కట్టొచ్చు. అడిగితే మీ కొనేవాళ్ళు దీనికి ఒప్పుకోవచ్చు, మీ చేతి నుంచి ముందుగా డబ్బు తీయక్కర్లేదు. అయితే ఎంత పట్టుకోవాలో తేలాలంటే బాకీ ఎంతో తెలియాలి, అంటే మళ్ళీ లిక్విడేటర్ దగ్గరికే.

చిన్నకోడలు:
తాకట్లు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ, సెర్సాయ్ సైట్‌లో సెర్చ్ చేశారా? అందులో లేకపోతే తనఖా లేనట్టే అని మా ఆఫీసులో అన్నారు. ఇంకోటి, అప్పు తీరాక కాగితాలు 30 రోజుల్లో ఇవ్వకపోతే రోజుకి 5,000 చొప్పున ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూల్ ఉంది కదా, ఆ లెక్కన వాళ్ళే మీకు బాకీ!

బ్యాంకు_పాతకాపు:
అమ్మా, సెర్సాయ్ మొదలైంది 2011 మార్చి 31న. అప్పటికే మూతపడ్డ బ్యాంకు 1997 నాటి తనఖాని అందులో ఎవరు ఎక్కిస్తారు? అక్కడ లేకపోవడం దేనికీ రుజువు కాదు. ఆ 5,000 రూలు 2023 సెప్టెంబరులో వచ్చింది, 2023 డిసెంబరు 1 నుంచి విడుదల చేయాల్సిన కాగితాలకే వర్తిస్తుంది, అదీ అప్పు పూర్తిగా తీరినవాళ్ళకి. వీళ్ళది తీరిందో లేదో వీళ్ళకే తెలీదు.

నేను ముప్ఫై రెండేళ్ళు బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను. బాబూ, లిక్విడేటర్ అంటే మీరనుకునేంత భూతం కాదు. సాధారణంగా సహకార శాఖ అధికారికే ఆ బాధ్యత అప్పజెబుతారు, ఆయనకి మీలాంటి పాత ఖాతాలు ముగించి ఫైలు మూసేయాలనే ఉంటుంది. డిపాజిట్లు పోగొట్టుకున్న పెద్దవాళ్ళు ఇంకా ఆ ఆఫీసు మెట్లెక్కుతూనే ఉంటారు, అది మర్చిపోకండి. మీరు కట్టకుండా ఎగవేద్దామనుకునే లక్షలో వాళ్ళ డబ్బు కూడా ఉంది. మీకిది చట్టం ప్రశ్నలా కనిపిస్తోంది, నాకైతే ఆ మెట్ల మీద కూర్చున్న ముసలాయన మొహమే కనిపిస్తుంది.

ముందు లెడ్జర్ కాపీ అడగండి. అసలు ఎంత, జమ ఎంత, చివరి జమ ఎప్పుడు, ఈ మూడూ తేలితే సగం టెన్షన్ పోతుంది. తర్వాత ఓటీఎస్ (ఒకేసారి కట్టి ఖాతా ముగించే సెటిల్‌మెంట్) అడగండి, పాత వడ్డీల దగ్గర బేరానికి చోటుంటుంది.

నల్లకోటు:
పాతకాపు గారితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. లెడ్జర్ కావాలని రాయండి, "మా నాన్నగారి బాకీ మేము తీరుస్తాం" అని మాత్రం తొందరపడి రాసివ్వకండి. కాలదోషం పట్టిన అప్పైనా సరే, కడతానని రాసి సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం 25(3) కింద అది కొత్త వాగ్దానం అయిపోతుంది, అప్పుడు మీ మెడకే చుట్టుకుంటుంది. ఇప్పటికైతే వారసులుగా మీ బాధ్యత నాన్నగారి నుంచి వచ్చిన ఆస్తి మేరకే.

డాలస్_ఆడపడుచు:
నేను ఈ పోస్టు పెట్టినవాడి అక్కని కాదు, ముందే చెబుతున్నా, కానీ అయి ఉంటే ఒకటి అడిగేదాన్ని. అప్పు అన్నయ్య షాపు కోసం అన్నావు. కట్టాల్సి వస్తే నాలుగు వాటాల్లోంచి సమానంగా పోవాలా, అన్నయ్య వాటాలోంచా? మా ఇంట్లో ఇదే జరిగింది. పెళ్ళికి ఇచ్చేశాంగా అని వాటా దగ్గర నా పేరు మర్చిపోయారు, అప్పు దగ్గరకి వచ్చేసరికి "ఆడపిల్లకీ సమాన హక్కే" అని చట్టం చదివి వినిపించారు.

తెనాలి_ప్యాసింజర్:
మీరు మా అక్క కాదని నమ్ముతున్నాను, కానీ నిన్న రాత్రి వాట్సాప్ కాల్‌లో ఆవిడ దాదాపు ఇవే మాటలు అంది. అన్నయ్యేమో "షాపు రెండేళ్ళకే మూసేశాను, ఆ రెండేళ్ళూ ఇంటి ఖర్చు నడిచింది దాంతోనే, అప్పు ఇంటిది" అంటాడు. ఎవరిది తప్పో నాకు తెలీదు. నేను అప్పుడు తొమ్మిదో తరగతి.

కొని_చెడ్డవాడు:
మీ వాటాల తగువు మీరు తర్వాత తేల్చుకోండి, కొనేవాళ్ళకి అగ్రిమెంట్ గడువు పెంచుతూ రాసిచ్చారా లేదా? వాళ్ళు అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని ఓనర్‌కి చెప్పేసి ఉంటే? అవతల కూడా ఒక కుటుంబం ఉంటుందన్నా.

బ్యాంకు_పాతకాపు:
అక్కయ్యగారి పవర్ ఆఫ్ అటార్నీలో విడుదల పత్రం మీద సంతకం, బాకీ చెల్లింపు కూడా రాయించారా? కేవలం అమ్మకానికే రాయించి ఉంటే మళ్ళీ కాన్సులేట్ చుట్టూ తిరగాలి. ఇండియా వచ్చాక మూడు నెలల్లో స్టాంపు వేయించాలన్నదీ గుర్తుంచుకోండి.

తెనాలి_ప్యాసింజర్ (పదకొండు రోజుల తర్వాత):
అప్‌డేట్. మొన్న వెళ్ళాను. ఆఫీసు అంటే ఒక పాత బిల్డింగులో రెండు గదులు, దుమ్ము, ఒక గుమాస్తా గారు. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు కానీ లెడ్జర్ దొరికింది. నాన్న 2000 ఆగస్టు దాకా వాయిదాలు కట్టారు, ఆ తర్వాత ఆగిపోయాయి. అసలులో మిగిలింది 38,400. వడ్డీ, జరిమానా వడ్డీ కలిపి వాళ్ళు రాసిచ్చిన లెక్క 2 లక్షల 90 వేల చిల్లర. అవార్డు లాంటిది ఏమీ లేదు. కవరులో మా ఒరిజినల్ దస్తావేజు ఉంది, మొదటి పేజీ మీద నాన్న సంతకం చూసేసరికి నేను అక్కడికి ఎందుకొచ్చానో కాసేపు మర్చిపోయాను.

12 ఏళ్ళ వాదన మొత్తం వదులుకోలేదు, బేరానికి వాడుతున్నాను. లాయరుని పెట్టి, బాకీ ఒప్పుకోకుండా, సెటిల్‌మెంట్ కోసం లక్షా పది వేలు ఆఫర్ చేస్తూ లెటర్ ఇచ్చాం. కొనేవాళ్ళకి గడువు 60 రోజులు పెంచి రాసిచ్చాం, ఈ నెల వాళ్ళ ఇంటి అద్దె మేమే భరిస్తామన్నాను, కాస్త మెత్తబడ్డారు. ప్రస్తుతానికి నలుగురి వాటాలోంచీ సమానంగా అనుకున్నాం. అక్క సరే అంది, కానీ "అన్నయ్య నోటితో ఒకసారి థాంక్స్ చెప్పమను" అంది. ఇంకా చెప్పలేదు.

ఖర్చులేని_సలహా:
చట్టం నీ పక్కన ఉండగా లక్షా పది వేలు దానం చేశావు. సరే, నీ ఇష్టం.

నల్లకోటు:
డబ్బు డీడీగా, లిక్విడేటర్ హోదా పేరు మీదే తీయండి. రసీదుతో వచ్చేయకండి, ఆయన్ని లేదా ఆయన అధీకృత ప్రతినిధిని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి రప్పించి విడుదల పత్రం రిజిస్టర్ చేయించండి, ఒరిజినల్ అక్కడే తీసుకోండి. ఒక వారం ఆగి కొత్త ఈసీ తీయండి. విడుదల ఎంట్రీలో 1997 దస్తావేజు నంబరు సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాకే కొనేవాళ్ళకి ఫోన్ చేయండి, ఒక్క అంకె తప్పుపడినా ఆ బ్యాంకు లాయరు మళ్ళీ మొదటికి తెస్తాడు.