మీ టాప్ ఐదు వీడియో గేమ్‌లు ఏవి? ఒకటో స్థానం వెనక కథ కూడా చెప్పండి

బందరు_కాంట్రా

మొన్న పండక్కి ఇంటికెళ్లి అటక దులుపుతుంటే మా పాత వీడియో గేమ్ దొరికింది. రెండో రిమోట్ వైరుకి నాన్న చుట్టిన నల్ల టేపు ఇంకా అలాగే ఉంది. ఫొటో తీసి అన్నయ్యకి పంపిస్తే రెండే మాటలు రాశాడు: "నీళ్ల స్టేజి". అప్పటినుంచి ఈ లిస్టు మనసులో తిరుగుతూనే ఉంది.

5. టెక్కెన్ 3
4. క్రికెట్ 07
3. రోడ్ ర్యాష్
2. వైస్ సిటీ
1. కాంట్రా

కాంట్రా ఆడినవాళ్లకి నీళ్ల స్టేజి గురించి చెప్పక్కర్లేదు. మూడోది. జలపాతం పక్కన రాళ్ల మీద ఎగురుతూ పైకి పోవాలి. ఇద్దరు ఆడుతుంటే ముందున్నవాడు ఎక్కేకొద్దీ తెర పైకి జరుగుతుంది, వెనకబడినవాడి కాళ్ల కింద రాయి మాయమైపోతుంది. ప్రాణం పోయినట్టే. అప్పుడు నాకు ఏడేళ్లు, అన్నయ్యకి పన్నెండు. నేను ప్రతి రాయి దగ్గరా భయపడి ఆగిపోయేవాణ్ణి. వాడు పైన నిలబడి, మీద పడుతున్న బండలు తప్పించుకుంటూ "నువ్వు రా, నేనున్నా" అనేవాడు. అలా ఆగినందుకే వాడి ప్రాణాలు ఎన్ని పోయాయో. నావి అయిపోతే వాడి వాటాలోంచి ఒకటి తీసుకోవచ్చు. అడక్కుండానే తీసేసుకునేవాణ్ణి. ఒక్కసారి కూడా ఏమీ అనలేదు.

తర్వాత మా వీధిలో ఒకబ్బాయి 30 ప్రాణాల కిటుకు నేర్పాడు. పైన పైన, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. ఇద్దరు ఆడాలంటే స్టార్ట్ కంటే ముందు సెలెక్ట్ నొక్కాలి. ఆ కిటుకు మొదట గ్రాడియస్ అనే గేమ్‌లో పెట్టింది కజుహిసా హషిమోటో అనే ప్రోగ్రామర్. పరీక్షించడానికి ఆడుతుంటే తనకే మరీ కష్టంగా ఉందని పెట్టుకున్నారు. 2020 ఫిబ్రవరిలో ఆయన పోయారన్న వార్త చూడగానే అన్నయ్యకి ఫోన్ చేశాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

మీవి చెప్పండి. "అన్నీ ఇష్టమే" అనొద్దు, లెక్క వేసి చెప్పండి.

ఓరుగల్లు_పిల్ల

నా లిస్టు: 1. సూపర్ మారియో, 2. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, 3. ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 4. బ్రిక్ గేమ్‌లో టెట్రిస్, 5. నోకియాలో పాము.

మారియో మా ఇంట్లో అమ్మ ఆట. ఒంటిపూట బడి రోజుల్లో నేను ఎండలో పడి ఇంటికొచ్చేసరికి వంట, అంట్లు అన్నీ ముగించుకుని, టీవీ ముందు పీట వేసుకుని కూర్చుని ఉండేది. నేను వచ్చినట్టు తల తిప్పకుండానే కనిపెట్టి "అన్నం పెట్టుకో బిడ్డా, ఇప్పుడు ఆపితే పోతుంది" అనేది.

నిజంగానే పోతుంది. 1985 నాటి ఆట, సేవ్ చేసుకునే వీలు లేదు. 8 ప్రపంచాలు, ఒక్కోదాంట్లో 4 చొప్పున మొత్తం 32 స్టేజీలు. కరెంటు పోతే మళ్లీ మొదటికే. 1-2లో, అంటే మొదటి ప్రపంచం రెండో స్టేజీలో, పైకప్పు మీదుగా నడిచిపోతే అడ్డదారి పైపులు ఉన్నాయని నేను చూపించాను. అమ్మ వద్దంది. "మధ్యల ఉన్నయన్నీ ఎవరు చూస్తరు?" అంది.

4-4లో, 7-4లో సరైన దారిన పోకపోతే వచ్చిన చోటికే మళ్లీ వస్తాం కదా. అమ్మ పాత క్యాలెండర్ కాగితం వెనక బాణాలు గీసుకుంది. తప్పు దారికి ఇంటూ, సరైన దారికి చిన్న పసుపు బొట్టు. పెన్సిల్ అందుబాటులో లేకపోతే వంటింట్లో ఉన్న పసుపే వాడేది. నేను బడిలో ఉన్న ఒక రోజు 8-4 పూర్తి చేసింది. సాయంత్రం బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా, "ఆ రాకుమారి దొరికింది" అంది. నేను చూడలేకపోయానే అని ఇప్పటికీ బాధే. ఆ కాగితం నా సర్టిఫికెట్ల ఫైల్లోనే దాచుకున్నాను.

గుంటూరు_కాయిన్

అక్కా, ఆ పసుపు బొట్టు దగ్గర ఆగిపోయాను కాసేపు.

నా నంబర్ వన్ ముస్తఫా. టోపీ పెట్టుకుని పరిగెత్తి కాలితో తన్నేవాడు. మా ఊళ్లో ఆ మెషీన్ ఉన్న షాపు వెనక గదిలో ఎప్పుడూ చీకటే, ఫ్యాన్ ఉండేది కాదు. ముగ్గురు కలిసి ఆడే వీలుంది కాబట్టి మేం ముగ్గురం డబ్బులు కలిపేవాళ్లం. పీపా పగలగొడితే తిండి వచ్చేది. ఎవరి ప్రాణం గీత తక్కువుంటే వాళ్లే తినాలని మా ఒప్పందం. ఇంకో కుర్రాడు ఉండేవాడు, వాడి దగ్గర ఎప్పుడూ కాయిన్ ఉండేది కాదు. పక్కన నిలబడి "వెనక వస్తున్నాడు, వెనక" అని చెప్పేవాడు. ఏ మూల నుంచి ఎవడు వస్తాడో వాడికే బాగా తెలుసు. చివరికి డబ్బులు కలిపి వాడికో కాయిన్ ఇచ్చాం. మా అందరికంటే ఎక్కువసేపు నిలిచాడు. ఆ రోజు షాపులో ఉన్నవాళ్లంతా వాడి చుట్టూ చేరారు.

ఆ గేమ్ అసలు పేరు ఎవరికైనా తెలుసా? మాకు అది ముస్తఫా గేమే.

బందరు_కాంట్రా

క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. 1993లో క్యాప్‌కామ్ తెచ్చింది, ఒక అమెరికన్ కామిక్స్ కథ ఆధారంగా. నలుగురు ఉంటారు: జాక్, హనా, ముస్తఫా, మెస్. మన దగ్గర మాత్రం ఊరూరా ముస్తఫా పేరే నిలిచిపోయింది.

అమీర్‌పేట_నైట్

కౌంటర్ స్ట్రైక్ 1.6, రెండు జట్లు తుపాకులతో కొట్టుకునే ఆట. నాకు రెండోది, మూడోది లేవు. హాస్టల్లో కారిడార్ పొడవునా వైరు లాగి ఎనిమిది గదులు కలిపాం. డస్ట్ 2 మ్యాప్. మొదటి రౌండ్లో చేతిలో 800 ఆట డాలర్లు, ఒక పిస్టల్. ఎవరు గెలిచారో స్క్రీన్ కంటే ముందు గోడ అవతల అరుపు చెప్పేది. ఇప్పుడు ఆ ఎనిమిది మందిలో ముగ్గురం ఒకే కంపెనీలో ఉన్నాం.

వైజాగ్_హెలికాప్టర్

బందరు అన్నా, వైస్ సిటీ రెండో స్థానంలో పెట్టారు కాబట్టి అడుగుతున్నా. బొమ్మ హెలికాప్టర్ మిషన్ మీరు దాటారా? నేను నెట్ సెంటర్లో గంటకి 15 రూపాయలు పోసి, నెల రోజులు అక్కడే ఆగిపోయాను. నాలుగు బాంబులు, కట్టుబడిలో ఉన్న బిల్డింగు, పక్క నంబర్ల కీలతో హెలికాప్టర్ తిప్పడం. మెట్ల దగ్గర గోడకి తగిలి ముక్కలయ్యేది.

బందరు_కాంట్రా

దాటాను తమ్ముడూ. కిటుకు ఒక్కటే. మొదటి బాంబు ఎత్తేదాకా టైమ్ మొదలవదు. ముందు ఖాళీ హెలికాప్టర్‌తో అన్ని అంతస్తులూ తిరిగి, కాపలావాళ్లని రెక్కలతో తీసేసి, మెట్ల దారి కళ్లకి అలవాటు చేసుకుని, అప్పుడు బాంబు ఎత్తాలి. నేను ఇది తెలుసుకునేసరికి డిగ్రీ అయిపోవచ్చింది.

వైజాగ్_హెలికాప్టర్

ఇన్నేళ్లూ బాంబు ఎత్తుకునే లోపలికి వెళ్లాను. ఈ ఆదివారం మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తున్నా.

ఇప్పటి_లెక్క

అందరి కథలూ బాగున్నాయి. కానీ నా అభిప్రాయం వేరు, మనసులో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మీరు రాస్తున్నవి ఆ రోజుల గురించి, ఆ మనుషుల గురించి. ఆటకి ర్యాంకు ఇవ్వాలంటే ఆటనే చూడాలి. నా కొలత ఇది: ఈ రాత్రి కూర్చుంటే రెండు గంటలు లేవకుండా ఆడతానా?

1. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2
2. టెట్రిస్
3. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2
4. పోర్టల్ 2
5. హేడీస్

టెట్రిస్ 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రాశారు. ఏడే ముక్కలు. నలభై ఏళ్లు దాటినా దానికి కలపాల్సింది ఏదీ లేదు. రాజ్యం కట్టుకుని యుద్ధాలు చేసే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 వచ్చింది 1999లో. 2019లో కొత్త హంగులతో మళ్లీ తెచ్చారు. 2022లో ద్రావిడులు, బెంగాలీలు, ఘూర్జరులు కూడా మనం ఎంచుకుని ఆడే జాతులుగా చేరారు. ద్రావిడులతో ఆడితే నైట్లు అనే గుర్రపు యోధులు ఉండరు, గుర్రాల మీద ఆధారపడటం మానేసి కాల్బలం, ఓడలతో నెట్టుకురావాలి. పాతికేళ్ల నాటి ఆట నాకు ఈ వారం కూడా కొత్త పాఠం చెప్పింది. ఇలాంటిదే ఒకటో స్థానంలో ఉండాలని నా నమ్మకం.

ఓరుగల్లు_పిల్ల

మీ మొదటి రెండూ నా లిస్టులోనూ ఉన్నాయి, వాటి గురించి గొడవే లేదు. కానీ మారియోని ఇప్పుడు పెట్టినా నేను రెండు గంటలు లేవను. మొదటి స్టేజీలో ఒక్క ముక్క కూడా రాసి చెప్పకుండా ఎగరడం, తొక్కడం, పుట్టగొడుగు తినడం అన్నీ నేర్పించేస్తుంది. మా అమ్మకి ఇంగ్లిష్ రాదు. ఆ ఆట ఆమెకి ఎవరి సాయం లేకుండా అర్థమైంది. అది ఆట గొప్పతనమే కదండీ.

ఇప్పటి_లెక్క

ఆ మాట ఒప్పుకుంటాను. మారియోని నా లిస్టులో ఐదో స్థానంలో పెడుతున్నా, హేడీస్ కిందకి పోతుంది. మిగతాది మాత్రం మార్చను.

తెనాలి_టు_డాలస్

నాది ఎవరూ చెప్పలేదు. స్టార్‌డ్యూ వ్యాలీ. 2016లో వచ్చింది. బొమ్మలు, సంగీతం, ప్రోగ్రామ్ అన్నీ ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషే చేశారు, నాలుగేళ్లకు పైగా కూర్చుని.

ఉద్యోగం విసిగిపోయిన మనిషి తాత వదిలివెళ్లిన పొలానికి వెళ్లడంతో మొదలవుతుంది. ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలం ఆడాను. నాన్న వీడియో కాల్‌లో ఉండగా స్క్రీన్ చూపించాను. ఆయనది నలభై ఏళ్ల వ్యవసాయం. మొదట పట్టించుకోలేదు. తర్వాత, "నెలకి ఎన్ని రోజులు?" అన్నారు. ఒక్కో రుతువు 28 రోజులు, రుతువు మారితే పాత పంట ఎండిపోతుంది అన్నాను. "అయితే ఇరవయ్యో రోజు దాటాక విత్తనం ఎందుకు వేస్తున్నావ్, చేతికి రాదు" అన్నారు. నిజమే, అది ఎనిమిది రోజుల్లో వచ్చే పంట కాదు. విత్తనాల డబ్బులు వృథా అయ్యేవి.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అడిగేవారు. ఏం వేశావు, నీళ్లు ఎలా పెడుతున్నావు, ఇంకా చేత్తోనే మోస్తున్నావా అని. స్ప్రింక్లర్లు పెట్టిన రోజు ఆయనకే ముందు చూపించాను. నేను ఇంజనీరింగ్‌లో చేరాక పంట గురించి మేం ఇద్దరం అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదటిసారి. మూడో ఏడు మొదట్లో తాత ఆత్మ వచ్చి పొలం ఎలా చూసుకున్నావో లెక్క చెబుతుంది, దీపాలు వెలుగుతాయి. నాకు నాలుగూ వెలిగాయి. ఫొటో నాన్న ఫోన్‌లో ఇంకా ఉంది.

కర్నూలు_యువరాజు

నా ఒకటో నంబరు నేను పూర్తి చేయని ఆట. ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 1989ది, జోర్డన్ మెక్నర్ చేసింది. యువరాజు పరిగెత్తే తీరు అంత సహజంగా ఉండటానికి కారణం, ఆయన తన తమ్ముణ్ణి పరిగెత్తించి, గెంతించి, వీడియో తీసి ఒక్కో కదలిక గీశారు.

మా బడిలో ఇద్దరికి ఒక కంప్యూటర్. నేను, నా పక్క బెంచీ స్నేహితుడు. బాణం గుర్తులు వాడివి, షిఫ్ట్ నాది. అంచున వేలాడాలన్నా, మేకుల మధ్య ఒక్కో అడుగు వేయాలన్నా షిఫ్ట్ కావాలి. వాడు "పట్టు" అంటే నొక్కాలి, "వదులు" అంటే తీయాలి. గంటలో 12 లెవెల్స్ దాటాలి, పీరియడ్ 40 నిమిషాలే. కంట్రోల్, జి నొక్కి సేవ్ చేసుకుని, తర్వాతి వారం మళ్లీ అక్కడినుంచి. ఎనిమిదో తరగతి మొదలుపెట్టి పదో తరగతి చివరికి పన్నెండో లెవెల్‌కి చేరాం. అక్కడ నీడ మనిషి ఎదురొస్తాడు. వాడిని కొడితే మనకే దెబ్బ తగులుతుంది. చంపితే మనమూ చస్తాం. ఆ ఏడు పరీక్షలు అయిపోయాయి, వాళ్ల నాన్నకి బదిలీ అయింది.

వీడియో చూస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. కావాలనే చూడలేదు. ఓరుగల్లు అక్కా, మీ లిస్టులో ఈ ఆట ఉంది. మీరు దాటారా?

ఓరుగల్లు_పిల్ల

దాటాను. అంతా చెప్పను, ఒక్కటే అడుగుతాను. నాలుగో లెవెల్‌లో అద్దంలోకి దూకినప్పుడు అవతలి వైపు నుంచి బయటికి వచ్చింది ఎవరు? ఆ మనిషి మీద కత్తి ఎత్తాల్సిన పనేంటి?

కర్నూలు_యువరాజు

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను.

పాత బడి గ్రూపులో వాడి నంబరు దొరికింది. ఇప్పుడు పుణెలో ఉన్నాడు. రాత్రి పదింటికి ఫోన్ స్పీకర్‌లో పెట్టి, నా స్క్రీన్ వాడికి కనపడేలా చేసి ఆడాను. రెండు చేతులూ నావే అయినా వాడు అలవాటు కొద్దీ "పట్టు", "వదులు" అంటూనే ఉన్నాడు.

పన్నెండులో నీడ మనిషి వచ్చాడు, కత్తి దూశాడు. నేనూ దూశాను. కింది బాణం నొక్కాను. యువరాజు కత్తి ఒరలో పెట్టాడు. నీడ కూడా పెట్టేసింది. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు పరిగెత్తి ఒక్కటైపోయారు. ఫోన్‌లో వాడు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ముందు ఖాళీ, నేల లేదు. "వెళ్లు" అన్నాడు. అడుగు వేస్తే కాలి కింద రాయి వచ్చింది.

విలన్ జాఫర్‌తో యుద్ధం గెలిచాక వాడు ఒకటే అడిగాడు, ఇంకా ఎన్ని నిమిషాలు మిగిలాయని.

ఆరు.