రక్తంలో సీసం ఎక్కువుంది, విటమిన్ సి వేస్తే తగ్గుతుందా?

ప్రశ్న: మా ఆయనది బ్యాటరీల రిపేరు షాపు, ఇల్లు దాని వెనకే. బాబుకి మూడేళ్ళు. రక్తపరీక్షలో లెడ్ (సీసం) డెసిలీటరుకి 11 మైక్రోగ్రాములు, హిమోగ్లోబిన్ 9.2 వచ్చాయి. విటమిన్ సి ఇస్తే సీసం అంతా బయటికి పోతుందని వాట్సాప్‌లో చూశాను. ఎంత డోసు ఇవ్వాలండీ?

జవాబు: డోసు సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు ఆ 9.2 సంగతి చూడాలి. హిమోగ్లోబిన్ అంత తక్కువుంటే బాబుకి ఇనుము చాలట్లేదేమో. పేగుల్లో ఇనుమును లోపలికి తీసుకునే ప్రోటీనే సీసాన్నీ తీసుకుంటుంది. ఇనుము చాలనప్పుడు పేగు ఆ ప్రోటీన్‌ని ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. ఇనుము కోసం తీసిన తలుపులోంచి సీసం దూరుతుందన్నమాట. పైగా పసివాళ్ళు మింగిన సీసంలో దాదాపు సగం ఒంట్లోకి చేరుతుంది, పెద్దవాళ్ళకి పదోవంతే.

విటమిన్ సి పనికొచ్చేది ఇక్కడే: ఆకుకూరల్లో ఇనుము ఒంటబట్టడానికి. తోటకూర పప్పు దించాక నిమ్మకాయ పిండండి, జామపండు పెట్టండి. ఎముకల్లో చేరిన సీసం ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది, దాన్ని ఏ విటమినూ కడిగెయ్యదు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. ఐరన్ సిరప్ డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు, పాలతో కలిపి పొయ్యొద్దు.

ఇంకొకరు: కాల్షియం కూడా సీసాన్ని అడ్డుకుంటుంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, జావ కాచి ఇవ్వండి. ఖాళీ కడుపున సీసం ఎక్కువ పడుతుంది, పొద్దున్నే ఏదో ఒకటి తినిపించండి.

అడిగినవారు: ఆన్‌లైన్‌లో చెలేషన్ చుక్కలని, సీసాన్ని ఒంట్లోంచి బయటికి లాగేస్తాయని అమ్ముతున్నారు, వెయ్యొచ్చా?

జవాబు: వద్దు. అసలైన చెలేషన్ మందు సాధారణంగా రక్తంలో సీసం డెసిలీటరుకి 45 మైక్రోగ్రాములు దాటినవాళ్ళకి, అదీ డాక్టరు కనిపెట్టుకుని ఉండి ఇచ్చేది. తప్పు మందు పడి రక్తంలో కాల్షియం పడిపోయి పిల్లలు చనిపోయిన సందర్భాలున్నాయి.

చెప్పడానికి ఇబ్బందే గానీ, బ్యాటరీల సీసం కలిసిన షాపు దుమ్ము ఇంట్లోకి వస్తున్నంత కాలం ఏం తినిపించినా చాలదు. మీ ఆయన్ని బట్టలు షాపులోనే మార్చుకుని, స్నానం చేశాకే బాబుని ఎత్తుకోమనండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. బాబు చేతులు తినేముందు తప్పకుండా కడగండి.

రక్తం వేలికి గుచ్చి తీశారా? వేలికి దుమ్ముంటే అంకె పెరిగిపోతుంది.

అడిగినవారు: లేదండీ, చేతి నరం నుంచే తీశారు.

జవాబు: అయితే మూడు నెలల్లోపు మళ్ళీ చేయించండి. ఈలోగా మీ ఆయనా చేయించుకోవాలి.