మిద్దె మీద గులాబీల చిగురు పసుపు తిరుగుతోంది, మూడు మొక్కలు పోయాయి

మిద్దెతోట, అనంతపురం

అందరికీ నమస్కారం. పోయిన శ్రావణంలో నర్సరీ నుంచి ఆరు అంటు గులాబీలు తెచ్చి మిద్దె మీద సిమెంటు తొట్లలో పెట్టాను. సంక్రాంతి దాకా ఎంత బాగా పూశాయంటే పూజకు బయట పూలు కొన్న రోజు లేదు. శివరాత్రి దాటినప్పటి నుంచి ఒక్కొక్కటే వాడిపోతూ వచ్చింది. ఇప్పటికి మూడు పోయాయి. మిగిలిన మూడింటికి కొత్త చిగురు పసుపుగా వస్తోంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. కింది ముదురు ఆకుల అంచులు మాడి, నలిపితే పొడి అవుతున్నాయి.

మాకు బోరు నీళ్లే గతి. తాగడానికి ఆర్‌ఓ పెట్టుకున్నాం. దాని నుంచి బయటికి పోయే నీళ్లు పారబోయడానికి మనసొప్పక, బకెట్లో పట్టి వీటికే పోస్తున్నాను. నెలకోసారి గుప్పెడు డీఏపీ ఎరువు వేస్తాను. కోడిగుడ్డు పెంకుల పొడి, వాడిన టీ పొడి వారం వారం పడుతూనే ఉంటాయి.

మా అత్తమ్మ పెట్టిన పన్నీరు గులాబీ కింద బట్టలుతికే బండ పక్కన ఎర్రనేలలో ఉంది. దానికి ఎవరూ ఏమీ వేయరు, పద్దెనిమిదేళ్లుగా పూస్తూనే ఉంది. అదే ఇల్లు, అదే బోరు. నా మొక్కలకే ఎందుకిలా? ఈ మూడైనా బతికితే చాలనిపిస్తోంది. రోజూ పొద్దున మిద్దె ఎక్కాలంటేనే టెన్షన్‌గా ఉంది.

గులాబీల పెరడు, కర్నూలు

అమ్మా, ముందు ఆ ఆర్‌ఓ బకెట్టు ఈరోజే ఆపండి. మంచినీళ్లు ఇటు వస్తే, బోరులో ఉన్న ఉప్పంతా చిక్కబడి అటు పోతుంది. మీరు పోసేది ఆ ఉప్పే. నేలలో అయితే వాన దాన్ని కిందికి కడిగేస్తుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగులుతుంది. తొట్టి అంచున తెల్లగా పొర కట్టి ఉంటుంది, ఒకసారి చూడండి. ముదురు ఆకుల అంచులు మాడడం దాని వల్లే. నేరుగా బోరు నీళ్లు పోసినా దీనికంటే నయం. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, అవి దొరికితే పట్టుకోండి. వానాకాలంలో మిద్దె నీళ్లు ఒక డ్రమ్ములోకి తిప్పుకుంటే ఇంకా మంచిది.

చిగురు పసుపు తిరగడం వేరే జబ్బు. అది ఇనుము లోపం. మన మట్టిలో ఇనుము లేక కాదు, సున్నం ఎక్కువై వేరు దాన్ని తీసుకోలేకపోతుంది. గులాబీకి కొంచెం పులుపు వైపు ఉన్న మట్టి, అంటే పీహెచ్ 6 నుంచి 6.5 దాకా ఉంటే హాయి. మన బోరు నీళ్లు అంతకంటే చాలా పైన ఉంటాయి. అందుకే కోడిగుడ్డు పెంకులు వద్దంటున్నాను, అవి కూడా సున్నమే. డీఏపీ కూడా ఆపండి. దానిలోని భాస్వరం ఎక్కువైతే ఇనుము ఇంకా అందదు.

నేను ఈ పాఠం నష్టపోయి నేర్చుకున్నాను. మేం ఆదోనిలో ఉన్నప్పుడు ఇంటి ముందు అంతా నల్లరేగడి. పన్నెండు మొక్కలు పెడితే వానలకు నీళ్లు నిలిచి ఏడు కుళ్లాయి. మిగిలినవాటికి ఎండాకాలం నేల పగిలి వేళ్లు తెగాయి. తర్వాత అడుగు ఎత్తున మడి కట్టి, ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి పెట్టాకే గులాబీ మొహం చూశాను. మీ అత్తమ్మ పన్నీరు గులాబీ ఎర్రనేలలో ఉంది, నీరు నిలవదు, వేరు చల్లటి లోతుకు పోయింది. మీ తొట్లకు ఆ అదృష్టం లేదు కాబట్టి దాన్ని మనమే కల్పించాలి.

రోహిణి కార్తె అయ్యేదాకా మట్టి మార్చే పని పెట్టుకోకండి. పడమటి ఎండ తగలకుండా 50 శాతం గ్రీన్ నెట్ కట్టండి, పొద్దుటి ఎండ మాత్రం పడాలి. సిమెంటు తొట్టి మధ్యాహ్నానికి కాలిపోయి లోపల వేళ్లను ఉడికిస్తుంది, చుట్టూ తడి గోనెసంచి చుట్టండి. పైన రెండంగుళాల మందాన బుడ్డల (వేరుశనగ) పొట్టు పరవండి, కాండానికి ఆనకుండా. మన సీమలో బుడ్డల పొట్టుకు కరువేముంది. నీళ్లు తెల్లవారుజామునే పోయండి. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి తడి తగిలితే ఆ రోజు మానేయండి.

పోయిన మొక్కల్లో ఒకదాన్ని తొట్టిలోంచి పెకలించి, వేరు ఎలా ఉందో ఇక్కడ రాయండి. అది చూడకుండా ఇంకేమీ చెప్పలేను.

చీనీ రైతు, నార్పల వైపు

అక్క చెప్పింది నిజం. మా చీనీ (బత్తాయి) చెట్లకూ ఇదే పసుపు వస్తుంది. లీటరు నీళ్లకు ఇనుము ఉండే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొడతాం, వారం తర్వాత ఇంకోసారి. ముందు నిమ్మ ఉప్పు కరిగించి తర్వాత అన్నభేది వేయండి. బోరు నీళ్లలో నేరుగా వేస్తే తుప్పు రంగు తిరిగి పనికిరాకుండా పోతుంది, ఆర్‌ఓ మంచినీళ్లు వాడండి. కలిపింది దాచిపెట్టకుండా అప్పుడే కొట్టేయాలి. గులాబీ లేత ఆకు కాబట్టి మొదట ఒక రెమ్మకు కొట్టి రెండు రోజులు చూడండి.

కడప మిద్దె

ఒక చిన్న మాట. ఆకు వెనక్కి తిప్పి చూశారా? మాకు ఏప్రిల్, మే నెలల్లో ఎర్రనల్లి వచ్చి ఆకు మీద సన్నటి చుక్కలు పడి పాలిపోయేది. నేనూ పోషకాల లోపమనుకుని ఎరువులు పోశాను. తెల్లకాగితం మీద ఆకు దులిపితే చుక్కల్లాంటి పురుగులు నడుస్తాయి. పొద్దున్నే ఆకు అడుగున పైపుతో నీళ్లు గట్టిగా కొడితే చాలా వరకు పోతుంది. సాయంత్రం మాత్రం ఆకు తడపకండి, రాత్రంతా తడిగా ఉంటే నల్లమచ్చ తెగులు వస్తుంది.

చెనక్కాయ చెక్క (వేరుశనగ నూనె తీయగా మిగిలేది) ఎండాకాలంలో వద్దు. వానలు మొదలయ్యాక మూడు రోజులు నానబెట్టి, పదింతల నీళ్లు కలిపి పోయండి.

మిద్దెతోట, అనంతపురం

అక్కా, పెకలించాను. చెప్తే నమ్మరు. తొట్టి బోర్లిస్తే ఎర్రమట్టి అంతా రాలిపోయింది, మధ్యలో కొబ్బరికాయంత నల్ల బంకమట్టి ముద్ద మిగిలింది. నర్సరీలో ఎలా ఇచ్చారో అలాగే ఉంది. సుత్తితో కొడితే గానీ పగల్లేదు. లోపల పొడి పొడిగా ఉంది, పది నెలలైనా ఒక్క వేరు కూడా బయటికి రాలేదు. నేను రోజూ పోసిన నీళ్లు ముద్ద పక్క నుంచి జారి కింద రంధ్రంలోంచి పోయాయన్నమాట. తొట్టి అంచున తెల్ల పొర కూడా ఉంది. చాలా బాధేసింది.

ఆకు దులిపి చూశాను, పురుగు లేదు. నెట్ కట్టించాను. అన్నభేది ఒక రెమ్మకు కొట్టాను.

గులాబీల పెరడు, కర్నూలు

బాధపడకండి, చాలామందికి ఇదే జరుగుతుంది. మిగిలిన మూడింటికి మృగశిర దాటి రెండు వానలు పడ్డాక, మబ్బు పట్టిన రోజు చూసి తొట్టి మార్చండి. ముద్దను బకెట్టు నీళ్లలో గంటసేపు నానబెట్టి, వేరు తెగకుండా వేళ్లతో బంకమట్టిని మెల్లగా కడిగేయండి. రెండు వంతుల ఎర్రమట్టి, ఒక వంతు ఇసుక, ఒక వంతు మాగిన ఎరువు, గుప్పెడు వేప పిండి. అంటు కట్టిన చోటు మట్టి పైనే ఉండాలి. తర్వాత వారం రోజులు నీడలో ఉంచండి, నెల దాకా ఎరువు వద్దు. కత్తిరింపులు అక్టోబరులో చూద్దాం.

మిద్దెతోట, అనంతపురం

జూలై మొదటి వారంలో మార్చాను. ఇప్పుడు రెండింటికి చిగురు ఎర్రగా వచ్చి ఆకుపచ్చకు తిరుగుతోంది! మూడోదానికి అడుగు నుంచి ఒక పొడుగాటి రెమ్మ వేగంగా లేచింది, దానికి ఆకుకు ఏడు రేకలున్నాయి. ఏడుంటే అది వేరుమొక్క (అంటు కట్టిన అడుగు మొక్క) అంటున్నారు, తీసేయమంటారా?

గులాబీల పెరడు, కర్నూలు

ఏడు రేకల లెక్క నమ్మకండి, మంచి రకాలకూ ఏడు వస్తాయి. మట్టి కొంచెం తోడి ఆ రెమ్మ ఎక్కడ పుట్టిందో చూడండి. అంటు బుడిపెకు పైన అయితే ఉంచండి, అదే రేపు మీ పూలకొమ్మ. కింద అయితే కత్తెర పెట్టకుండా, మొదలు దగ్గర పట్టుకుని కిందికి లాగి ఊడబెరకండి. కత్తిరిస్తే అక్కడి నుంచే మళ్లీ పిలకలు లేస్తాయి.