92 షెవీ ట్రక్: పాత 7747 కంప్యూటరే ఉంచాలా, 7427 పెట్టాలా?

పాతషెవీ92:
అందరికీ నమస్కారం. మేం హ్యూస్టన్ పక్కన ఉంటాం. నా దగ్గర 1992 షెవీ 1500 ఉంది. 5.7 లీటర్ల వీ8, టీబీఐ (థ్రాటిల్ బాడీలోనే పెట్రోల్ చిమ్మే రకం), 700ఆర్4 గేర్‌బాక్స్. తోటకి మట్టి, నీళ్ల ట్యాంకు మోయడానికి వాడతాం. పోయిన నెల ఇంజన్ వాల్వులు తెరిచే క్యామ్ మార్చి (పెద్దదేం కాదు, బరువు లాగే రకం) ఎగ్జాస్ట్ గొట్టాల హెడర్లు వేశాను. అప్పటి నుంచి సిగ్నల్ దగ్గర ఐడిల్ ఊగుతోంది, పెట్రోల్ వాసన కొడుతోంది, ప్లగ్గులు మసిబారాయి. ల్యాప్‌టాప్ పెడితే బీఎల్ఎం (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత సవరిస్తోందో చెప్పే అంకె, పెరిగితే ఎక్కువ పోస్తోందని) 150 దాటి చూపిస్తోంది. 128 దగ్గర ఉండాలి కదా? కంప్యూటర్ నంబరు 1227747. దీనికే కొత్త చిప్ రాయించాలా, 94-95 ట్రక్కుల్లో వచ్చిన 16197427 పెట్టాలా, లేక తనంతట తానే నేర్చుకునే కొత్త ఫ్యూయల్ ఇంజెక్షన్ కిట్ కొనాలా?

తారురోడ్డు:
7427 పెట్టు, ఇంకో ఆలోచన వద్దు. 7747 డేటా పంపేది 160 బాడ్‌తో (బాడ్ అంటే డేటా వేగం). ఒకసారి పంపిన లెక్క మళ్లీ రావాలంటే సెకను దాటాలి. ఆ సెకనులో నువ్వు యాక్సిలరేటర్ తొక్కేసి వదిలేసి ఉంటావు. 7427 అయితే 8192 బాడ్, సెకనుకి చాలాసార్లు చదువుతావు. చిప్పులో చోటు కూడా ఎక్కువ, 7747 చిప్పు మొత్తం కలిపి 4 కిలోబైట్లే.

బేరింగుబాబాయ్:
తమ్ముడూ, తొందరపడకు. ఆ 4 కిలోబైట్లతోనే ఈ ట్రక్కులు లక్షల మైళ్లు తిరిగాయి. వీఈ టేబుల్ (ఇంజన్ ఎంత గాలి పీలుస్తుందో రాసిన పట్టిక) సరిచేయడానికి బాడ్ రేటుతో పనేముంది? 45 మైళ్ల స్పీడులో స్థిరంగా పట్టుకో, బీఎల్ఎం చూడు, ఆ గడిలో అంకె మార్చు, తర్వాతి గడికి వెళ్లు. పైగా 7427 పుట్టింది ఎలక్ట్రానిక్ గేర్‌బాక్స్ కోసం. నీ 700ఆర్4 దానికి కనిపించదు, ప్రోగ్రాంలో ఆ భాగం ఆపకపోతే వరసగా ఎర్రర్ కోడ్లు వేస్తుంది. కనెక్టర్లు కూడా వేరు, తీగ తీగ మార్చుకోవాలి. నాక్ (ఇంజన్ లోపలి ఠకఠక) పట్టే ఫిల్టర్ కూడా 7747కి బయట విడిగా ఉంటుంది, 7427కి మెమ్‌కాల్‌లోనే (చిప్పు ఉండే ముక్కలోనే).

చింతచిగురు:
పొద్దున చల్లని ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు హెడర్ దగ్గర టిక్కుటిక్కుమని శబ్దం వస్తోందా?

తారురోడ్డు:
"స్థిరంగా పట్టుకో" అంటున్నారు. సిగ్నల్ దగ్గర ఊగే ఐడిల్‌ని స్థిరంగా ఎలా పట్టుకుంటాడు బాబాయ్? క్యామ్ మారాక వాక్యూమ్ తగ్గింది, దాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ రీడింగ్ ఎగిరి పడుతోంది. అది చూడాలంటేనే వేగం కావాలి.

ఫ్రీమాంట్‌ఫిట్టర్:
హ్యూస్టన్ వాళ్లు అదృష్టవంతులు. మా కాలిఫోర్నియాలో స్మాగ్ (ఎమిషన్) టెస్ట్ నుంచి మినహాయింపు 1975 మోడల్ దాకానే. హెడర్ మీద అనుమతి నంబరు లేకపోతే స్మాగ్ దగ్గర బానెట్ ఎత్తగానే ఫెయిల్.

పాతషెవీ92:
ఇక్కడ 24 ఏళ్లు దాటిన బండికి ఎమిషన్ టెస్ట్ లేదండీ.

ఫ్రీమాంట్‌ఫిట్టర్:
టెస్ట్ లేకపోతే చట్టం లేదని కాదు కదా.

బేరింగుబాబాయ్:
కిట్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేనే చెబుతా. 700ఆర్4కి టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ ఉంటుంది, థ్రాటిల్‌తో పాటు కదులుతుంది. కొత్త థ్రాటిల్ బాడీ మీద ఆ కేబుల్ లాగే కొలత తేడా వస్తే లోపల ప్రెషర్ చాలదు, క్లచ్‌లు కాలిపోతాయి. కిట్ అమ్మేవాడు ఇంజన్ గురించి చెబుతాడు, గేర్‌బాక్స్ బిల్లు నువ్వు కడతావు. గేర్‌బాక్స్ టార్క్ కన్వర్టర్‌ని లాక్ చేసే పని కూడా ఇప్పుడు 7747 చేతిలోనే ఉంది. అది పీకేస్తే ఆ పని ఎవరు చేస్తారో ముందే చూసుకో.

తారురోడ్డు:
ఎవరేం చేస్తానన్నా మీ దగ్గర ఒకటే సమాధానం: వద్దు. పోయినేడాది మెగాస్క్విర్ట్ (సొంతంగా కూర్చుకునే ఇంజన్ కంప్యూటర్) పెడతానన్న కుర్రాడిని ఇలాగే బెదిరించారు, వాడు ట్రక్కే అమ్ముకున్నాడు. 7747 మీద మీకంత ప్రేమ ఉంటే ఉంచుకోండి, కొత్తవాళ్లనెందుకు ఆపుతారు?

మైలురాయి:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. ఫ్యూయల్ ప్రెషర్ కొలిచారా? టీబీఐకి 9 నుంచి 13 పీఎస్ఐ ఉండాలి. అది తెలియకుండా ఏ చిప్పూ రాయకూడదు.

పాతషెవీ92:
గేజ్ తెచ్చుకోవాలి అండీ, శనివారం చూస్తాను.

బేరింగుబాబాయ్:
ప్రేమా? సరే, చెబుతా. డాలస్‌లో ఉన్నప్పుడు ఒక స్నేహితుడి 91 ట్రక్కుకి 7427 పెట్టింది నేనే. వైరింగ్ నాదే, చిప్పూ నాదే. బ్రహ్మాండంగా నడిచింది. రెండేళ్లకి ఉద్యోగం మారి నేను సియాటిల్ వచ్చేశాను. ఒకరోజు ఐ-35 మీద బండి ఆగిపోయింది, లోపల పిల్లలు, ఎండాకాలం. టో వాడు తీసుకెళ్లిన గ్యారేజీలో 91 మోడల్ చూసి 7747 తెప్పించారు. కనెక్టర్ పట్టలేదు. నాలుగు రోజులు అక్కడే. చివరికి చూస్తే పోయింది కంప్యూటర్ కాదు, ఇగ్నిషన్ మాడ్యూల్. నా ఫోన్ ఆ రోజు మీటింగ్‌లో ఉంది. ఆయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు. నేను వద్దంటున్నది 7427ని కాదు.

తారురోడ్డు:
అంటే మీరు ఏ తీగ ఎక్కడికెళ్లిందో రాసి ఇవ్వలేదు, ఆ కోపం ఇన్నాళ్లూ కంప్యూటర్ మీద తీర్చుకుంటున్నారు!

బేరింగుబాబాయ్:
రాయలేదు. నిజమే.

తారురోడ్డు:
నాదీ వినండి. నాది 7747 ఉన్న 90 మోడల్. ఒక షాపు వాళ్లు ఫోన్‌లో క్యామ్ పేరు ఒక్కటి అడిగి, 300 డాలర్లు తీసుకుని, చిప్పు పోస్టులో పంపారు. మామూలుగా నడిపితే బాగానే ఉంది. ట్రైలర్ తగిలించి గుట్ట ఎక్కుతుంటే లోపల గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు. స్పార్క్ టైమింగ్ అంత ముందుకి పెట్టేశారు. 160 బాడ్ లాగ్‌లో నాక్ ఎప్పుడు మొదలైందో, ఏ ఆర్‌పీఎంలో మొదలైందో తెలియలేదు. నాకు తెలిసేసరికి ఒక పిస్టన్ రింగ్ గాడి విరిగింది. షాపు వాళ్లకి ఫోన్ చేస్తే మీ ఇంజన్‌లోనే ఏదో ఉందన్నారు. అందుకే నాకు వేగం ముఖ్యం. ఎవరో రాసిన చిప్పు నా ఇంజన్‌లో ఇంకోసారి పెట్టను.

మైలురాయి:
మీ ఇద్దరి గొడవ బాడ్ గురించి కాదని ఇప్పుడర్థమైంది.

తారురోడ్డు:
బాడ్ గురించే.

పాతషెవీ92:
శనివారం రిపోర్టు. ప్రెషర్ 12. అది బాగానే ఉంది. తర్వాత చింతచిగురు గారు అడిగింది గుర్తొచ్చి పొద్దున్నే చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి చెవి పెట్టాను. టిక్కుటిక్కు ఉంది! నెలన్నరగా అది వాల్వు లిఫ్టర్ శబ్దం అనుకున్నాను. సబ్బు నీళ్లు కొడితే ఆక్సిజన్ సెన్సర్ ఉన్న వైపే, సెన్సర్‌కి ముందు గాస్కెట్ దగ్గర బుడగలు వస్తున్నాయి. బోల్టులు వదులైపోయాయి, ఒకటి చేత్తోనే తిరిగింది. కొత్త గాస్కెట్ వేసి బిగించాను. బీఎల్ఎం 134కి దిగింది, వాసన పోయింది.

చింతచిగురు:
ఎగ్జాస్ట్ లీకు బయట గాలిని లోపలికి లాగుతుంది. సెన్సర్‌కి ఆక్సిజన్ ఎక్కువ కనబడుతుంది, కంప్యూటర్ పెట్రోల్ పోస్తూ పోతుంది. పాపం కంప్యూటర్ తప్పేం లేదు.

పాతషెవీ92:
ఐడిల్ మాత్రం ఇంకా కొంచెం ఊగుతోంది, ముఖ్యంగా ఎక్కువసేపు ఆగితే.

మైలురాయి:
హెడర్ వేశాక సెన్సర్ ఇంజన్‌కి దూరమైంది. ఒక తీగ సెన్సర్ ఐడిల్‌లో చల్లబడిపోతుంది, కంప్యూటర్ దాన్ని నమ్మడం మానేస్తుంది. హీటర్ ఉన్న 3 తీగల సెన్సర్ పెట్టండి.

తారురోడ్డు:
అది పెట్టాక కూడా క్యామ్‌కి తగ్గట్టు టేబుల్ మార్చాల్సిందే. 7427 పెడితే లాగ్ నాకు పంపు, నేను చూస్తాను. ఊరికే.

బేరింగుబాబాయ్:
ఒక మాట అడుగుతాను. ఈ ట్రక్కు నువ్వొక్కడివే నడుపుతావా?

పాతషెవీ92:
లేదు బాబాయ్ గారూ, వారంలో మూడు రోజులు మా ఆవిడే. ఆమెకి ల్యాప్‌టాప్ గొడవలేం తెలియవు, ఆగకూడదు అంతే.

బేరింగుబాబాయ్:
అయితే ముందు 7747తోనే, తారురోడ్డు చెప్పినట్టు నీ చేత్తో నువ్వే రాసుకో. పాత చిప్పు పారేయకు, డబ్బాలో వేసి సీటు కింద పెట్టు. కొత్త సెన్సర్ హీటర్ తీగ ఏ ఫ్యూజ్ దగ్గర కలిపావో కాగితం మీద రాసి గ్లవ్ బాక్స్‌లో ఉంచు.

తారురోడ్డు:
తీగ రంగు కూడా రాయి. రెండు నెలల తర్వాత 7427 గురించి ఇక్కడికే వస్తావులే.