అప్‌డేట్: పిల్లలతో జర్మనీ ప్రయాణం, మేం తీసుకున్న నిర్ణయం

మావారికి మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చిందని, ఐదేళ్ల పాపతో, రెండేళ్ల బాబుతో కడప వదిలి వెళ్లడం సబబేనా అని అడిగాను కదా. వెళ్తున్నాం, అయితే అందరం ఒకేసారి కాదు. ముందు ఆయన వెళ్తారు. ఇల్లు, బాబుకు శిశు సంరక్షణ కేంద్రంలో చోటు దొరికాక మేం.

ఈ చోటు సంగతే మమ్మల్ని ఆపింది. 2013 ఆగస్టు నుంచి అక్కడ ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ అలాంటి చోటు పొందే హక్కు చట్టంలో ఉంది. కాగితం మీద హక్కు వేరు, పెద్ద నగరంలో ఖాళీ వేరు. రెండూ ఒకటే అనుకుని బయలుదేరితే ఇంట్లో కూర్చోవలసింది నేనే.

మీరు చెప్పినవాటిలో బాగా పనికొచ్చింది బ్లూ కార్డ్ విషయం, అంటే బాగా చదువుకున్న విదేశీ ఉద్యోగులకు అక్కడ ఉండి పనిచేసేందుకు ఇచ్చే అనుమతి. దానిమీద వెళ్లేవారి భార్యకు వీసా కోసం జర్మన్ పరీక్ష అక్కర్లేదు, ఉద్యోగమూ చేసుకోవచ్చు. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఆదాయం లేని భార్య, పిల్లలు అదనపు చందా లేకుండానే చేరతారు.

అక్కడ బడి ఆరేళ్లకు గానీ మొదలవదు, అప్పటిదాకా పిల్లలకు ఎక్కువగా ఆటలే. దానిమీద అత్తయ్యగారికి ఒకటే బెంగ: "ఆరేళ్ల దాకా ఆటలేనా? ఇక్కడ ఎక్కాలు అప్పజెప్పే పిల్ల!" నాకైతే అదే నచ్చింది. ఆవిడతో వాదించలేదు, వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.

అక్కడ చాలా అద్దె ఇళ్లలో వంటగది సామగ్రి కూడా ఉండదట. మ్యూనిక్‌లో ఉన్నవారు ఎవరైనా, ముందు అద్దెకున్నవారి వంటగది సామగ్రిని కొనుక్కోవడం మేలా, కొత్తది పెట్టించుకోవడమా చెప్పండి.