787 పాఠం: పని బయటికివ్వడం తప్పా, ఇచ్చిన తీరు తప్పా?

ఆదిభట్ల ఇన్‌స్పెక్టర్

బోయింగ్ 2025 డిసెంబర్‌లో విమాన బాడీలు చేసే స్పిరిట్ ఏరోసిస్టమ్స్‌ను కొనేసింది. 2005లో తానే అమ్మేసిన విచిటా ప్లాంటు ఇరవై ఏళ్లకు మళ్లీ సొంతింటికి చేరింది. అప్పటి నుంచి మా షాప్‌లో ఎవరిని కదిపినా ఒకటే మాట: "బయటికిస్తే ఇంతే, అన్నీ ఇంట్లోనే చేసుకోవాలి." పన్నెండేళ్లుగా సప్లయర్ క్వాలిటీలో ఉన్నాను, ఈ మాట నాకు మింగుడుపడటం లేదు.

బోయింగ్ 787 విమానం సంగతే తీసుకోండి. పనిలో దాదాపు 70 శాతం బయటికిచ్చారు. రెక్కలు జపాన్‌లో, నడుమ భాగాలు కొన్ని ఇటలీలో, వెనక భాగం సౌత్ కరోలినాలో. అదొక్కటే అయితే సర్దుకునేవారేమో. కార్బన్ కాంపోజిట్ బాడీ అప్పుడే, డిజైన్ బాధ్యతలో పెద్ద వాటా పార్ట్‌నర్లకివ్వడం అప్పుడే, విమానాలు డెలివరీ అయ్యాకే డబ్బు అనే షరతూ అప్పుడే. 2007 జులై 8న జనానికి చూపించిన మొదటి విమానంలో చాలాచోట్ల భాగాలను బిగించే ఫాస్టెనర్లు తాత్కాలికంవే ఉన్నాయి. అసలువి సమయానికి దొరకలేదు. 2008లో ఇస్తామన్న విమానం జపాన్ ఎయిర్‌లైన్ ఏఎన్‌ఏ చేతికి 2011 సెప్టెంబర్‌లో వచ్చింది.

బయటికివ్వడం తప్పని నేననుకోను. మార్పును నడిపినవాళ్లు టియర్-1 (నేరుగా సరఫరా చేసేవాళ్లు) దాటి కిందికి చూడలేదు, అన్నీ ఒకేసారి మార్చారు. మీరేమంటారు?

సియాటిల్ రావు

అన్నా, సగమే ఒప్పుకుంటాను. డ్రాయింగ్ ఇచ్చి పార్ట్ చేయించుకోవడం వేరు, డ్రాయింగ్ గీసే పనే ఇచ్చేయడం వేరు. బోయింగ్ సొంత ఇంజినీర్ హార్ట్-స్మిత్ 2001లోనే ఒక పత్రంలో హెచ్చరించాడు, పని బయటికి పోతే లాభమూ దాని వెంటే పోతుందని. ఎవరూ వినలేదు. 2009లో సౌత్ కరోలినాలో ఆ వెనక భాగం చేసే వాట్ కంపెనీ చార్లెస్టన్ ప్లాంటును బోయింగే కొనుక్కోవాల్సి వచ్చింది. 2011లో బోయింగ్ ప్రయాణికుల విమానాల విభాగం అధిపతి జిమ్ ఆల్బా బహిరంగంగానే చెప్పాడు: కీలకమైన టెక్నాలజీని దగ్గర ఉంచుకుంటే అయ్యే ఖర్చు కన్నా, తర్వాత సరిదిద్దడానికే చాలా ఎక్కువ పెట్టామని. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఆదిభట్ల ఇన్‌స్పెక్టర్

రావు గారూ, అదే పత్రంలో ఇంకో మాట కూడా ఉంది. సప్లయర్ల దగ్గరికే వెళ్లి క్వాలిటీలో, టెక్నికల్ విషయాల్లో సాయం చేయకపోతే, వాళ్లందరిలో బలహీనమైనవాడి స్థాయిని పెద్ద కంపెనీ ఎప్పటికీ దాటలేదని. నేను చెప్పేదీ అదే.

ఇంట్లో చేసుకుంటే బాగుపడుతుందా? ఎయిర్‌బస్ ఏ380 చూడండి. హాంబర్గ్‌లో కేటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్, తులూజ్‌లో కొత్త వెర్షన్. రెండూ ఒకే కంపెనీ! ఒక్కో విమానంలో 500 కిలోమీటర్ల పైన వైరింగ్, తీరా బిగించబోతే అవి సరిపోలేదు. రెండేళ్ల ఆలస్యం. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 మ్యాక్స్ నుంచి డోర్ ప్లగ్ (వాడని తలుపు చోటును మూసే పలక) ఊడిపోయింది కదా. చెడిన రివెట్లు విచిటాలోని స్పిరిట్ నుంచి వచ్చినవే, కాదనను. కానీ వాటిని సరిచేయడానికి ఆ ప్లగ్‌ను తెరిచింది రెంటన్‌లో, బోయింగ్ సొంత ఫ్యాక్టరీలో. తీసినట్టు రికార్డు లేదు. నాలుగు బోల్టులూ లేకుండానే విమానం బయటికెళ్లింది.

బాలానగర్ వర్క్‌షాప్

మీ ఇద్దరి మాటలూ చదివాను. మా నాన్నగారు రెండు లేత్‌లతో జాబ్ వర్క్ మొదలుపెట్టారు, ఇప్పుడు కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు నాలుగు ఉన్నాయి. పేరు చెప్పను, నాలుగేళ్ల కిందట ఒక పెద్ద కంపెనీ హోటల్లో మీటింగ్ పెట్టి "సప్లై చెయిన్ ట్రాన్స్‌ఫర్మేషన్" అంది. వెండర్లను తగ్గిస్తున్నాం, ఇక నుంచి మీరు నేరుగా మాకు కాదు, మధ్యలో ఇంకో కంపెనీకి ఇవ్వాలి, ఆర్డర్లన్నీ కొత్త పోర్టల్‌లో. మూడూ ఒకే నెలలో.

శుక్రవారం పాత సిస్టమ్ ఆపేశారు. సోమవారం కొత్తది తెరిస్తే మా బ్రాకెట్ డ్రాయింగ్ పాత రివిజన్‌లో ఉంది. అది మాకు ఖాయంగా తెలియదు. అనుమానం వచ్చి ఫోన్ చేద్దామంటే, మా పార్టులన్నీ నోటికి వచ్చిన ఇంజినీర్‌ని వేరే విభాగానికి పంపేశారు. 140 పీసులు చేసి పంపాం. అన్నీ వెనక్కొచ్చాయి. 7075 అల్యూమినియం డబ్బు, మెషిన్ గంటలు, అనోడైజింగ్ (పైపూత) ఖర్చు అంతా మా నెత్తినే పడింది. చట్టం ప్రకారం చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో డబ్బు రావాలి. అంతకుముందు చేసిన పనికి మాకు ఐదో నెలలో వచ్చింది. ఆ టెన్షన్‌లో ఇద్దరు మంచి ఆపరేటర్లు వెళ్లిపోయారు, ఇప్పటికీ అలాంటివాళ్లు దొరకలేదు.

ఇల్లా, బయటా అని మీరు వాదించుకుంటున్నారు. మేం ఎప్పుడూ బయటే ఉంటాం. మార్పు మొదలుపెట్టే ముందు మా షెడ్డుకి ఒక్కరైనా వచ్చి చూశారా?

రిటైర్డ్ ప్లానర్

బాబూ, నాదొక మాట. మన యుద్ధవిమానం తేజస్ ఎంకే-1ఏకి రెక్కలు ఎల్ అండ్ టీ, నడుమ భాగం హైదరాబాద్‌లోని వీఈఎం టెక్నాలజీస్. పని పంచడం మంచిదే, నేను గట్టిగా సమర్థిస్తాను. కానీ 2021 ఫిబ్రవరిలో 83 విమానాలకు ఒప్పందమైతే, మొదటి ఎఫ్404 ఇంజిన్ అమెరికా నుంచి బయల్దేరింది 2025 మార్చిలో. మిగతా భాగాలు ఎంత త్వరగా వచ్చినా, ఇంజిన్ లేకపోతే విమానం ఎగరదు. అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే వస్తువు ఏదో ముందు తేల్చుకుని, ప్రాజెక్టును అక్కడి నుంచి వెనక్కి ప్లాన్ చేయాలి. మనవాళ్లు పోర్టల్‌తో మొదలుపెడతారు, ఎందుకంటే అది ఆరు నెలల్లో చూపించుకోవచ్చు.

సియాటిల్ రావు

బాలానగర్ అన్నా, మీకు జరిగింది అన్యాయం. డిజైన్ చేతిలో ఉండాలన్న నా మాట మాత్రం మార్చుకోను. మీ డ్రాయింగ్ రివిజన్‌కు ఎవరూ సొంతదారు లేకపోవడం వల్లే కదా ఇదంతా?

ఇన్‌స్పెక్టర్ గారూ, మీరైతే ఏం చేస్తారు?

ఆదిభట్ల ఇన్‌స్పెక్టర్

రివిజన్ విషయంలో మీరన్నది నిజమే, అది మా వైపే ఉండాలి.

వచ్చే ఏడాది మేం కొన్ని పార్టులను కొత్త షాపుకి మారుస్తున్నాం. తయారయ్యే చోటు మారితే ఫస్ట్ ఆర్టికల్ (మొదటి పీసును పూర్తిగా తనిఖీ చేయడం) మళ్లీ చేయాలని ఏఎస్ 9102 అనే విమాన పరిశ్రమ ప్రమాణం చెబుతూనే ఉంది. దానికి పట్టే వారాలను ప్లాన్‌లో వేయడం మర్చిపోతారు. నేను మూడు అడిగాను. పాత షాపులో ముందే ఆరు నెలల స్టాక్ చేయించాలి. కొత్త షాపులో ఫస్ట్ ఆర్టికల్ పాసయ్యేదాకా పాత పీవో (కొనుగోలు ఆర్డర్) ఆపకూడదు. అప్పటిదాకా ఆర్డర్లు, స్టాక్ చూసుకునే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌ని ముట్టుకోకూడదు. ఫైనాన్స్ వాళ్లు స్టాక్ దగ్గరే అడ్డుపడ్డారు, అంత డబ్బు నిలవ ఉంచలేమని. ఇంకా పోరాడుతున్నాను. ఒక విమానం లైన్‌లో ఆగితే అయ్యే నష్టం లెక్క వేసి రేపు వాళ్ల ముందు పెడతాను.

బాలానగర్ వర్క్‌షాప్

సార్, ఆ ఆరు నెలల స్టాక్‌కి డబ్బు ఎప్పుడిస్తారో పీవోలోనే రాయించండి. సరుకు ముందే చేయించుకుని, మార్పు పూర్తయ్యాక ఇస్తామంటే మాలాంటివాళ్లు మెటీరియల్ కొనలేరు. ఆ ఒక్క లైన్ ఉంటే నేను రెండు మెషిన్లు మీకోసం ఖాళీ చేసి పెడతాను.