ఎదురుగా కూర్చుని మాట్లాడిస్తేనే పిల్లలకి మాటలొస్తాయా, ఇంటినిండా మనుషులుంటే చాలదా?

రాజాం కోడలు
మా బాబుకి ఇరవై నెలలు. నేను పొద్దున్నే స్కూలుకి వెళ్తే సాయంత్రం దాకా అత్తయ్యే చూసుకుంటారు. ఇంట్లో మావయ్య, తోడికోడలు, ఆవిడ పిల్లలిద్దరు. వీధరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. మాట వినపడని నిమిషం ఉండదు మా ఇంట్లో. అయినా వీడు "అమ్మ", "తాత", "బూ" దాటి పెద్దగా అనడు. విజయనగరంలో ఒక స్పీచ్ థెరపిస్టుకి చూపిస్తే, "రోజూ అరగంట వాడి ఎదురుగా నేల మీద కూర్చోండి. వాడు దేన్ని చూస్తే మీరూ దాన్నే చూడండి, దాని గురించే మాట్లాడండి" అన్నారు.

అత్తయ్య కొట్టిపారేశారు. "మా నలుగురు పిల్లల ముందర ఎవులు కూకున్నారే? పొలం పనీ ఇంటి పనీ మాకే సరిపోయేవి. ఆళ్ళకి మాటలు రానేదేటి?" అన్నారు. ఆవిడన్నదీ నిజమే కదా. ఎదురుగా కూర్చోవడం తప్పనిసరా? జనం మధ్య తిరిగితే అవే రావా? ఇంకో సంగతి, అన్నం పెట్టేటప్పుడు ఫోన్‌లో రైమ్స్ పెడతారు. లేకపోతే నోరు తెరవడు.

బొబ్బిలి రిటైర్డ్ లెక్చరర్
అమ్మా, మీ అత్తగారిది చాదస్తం అనుకోకండి. ఆ వాదనకి శాస్త్రంలోనూ బలముంది. మెక్సికోలో త్సెల్టాల్ అనే మాయా తెగ వాళ్ళ పల్లెలో మూడేళ్ల లోపు పిల్లలకి రికార్డర్లు తగిలించి రోజంతా విన్నారు. 2020లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఒక్కో పిల్లవాడిని ఉద్దేశించి పెద్దలు మాట్లాడింది గంటకి నాలుగు నిమిషాలు కూడా లేదు. అయినా ఆ పిల్లలు ముద్దు పలుకుల నుంచి మాటలకీ, మాటల నుంచి మాటల జంటలకీ రావలసిన వయసులోనే వచ్చారు. 2001లో నమీరా అఖ్తర్ బృందం ఇంకొకటి చూపించింది. ఇద్దరు పెద్దలు తమలో తాము మాట్లాడుకుంటుంటే పక్కనున్న రెండున్నరేళ్ల పిల్లలు కొత్త మాటని పట్టేసుకున్నారు.

నేల మీద చాప వేసుకుని పిల్లవాడితో బొమ్మలాట ఆడే తల్లి పట్నపు మధ్యతరగతి తల్లి. ఆవిడని ప్రమాణంగా పెట్టి మన ఊళ్ళ వాళ్ళని తక్కువ చేయడం నాకు నచ్చదు.

చీపురుపల్లి నాన్న
నాకు అరగంట కూర్చునే తీరికే లేదు, షాపు. మా పాపకి రెండేళ్లు. ఫోన్ చూసే ఏ నుంచి జెడ్ దాకా, రంగులు, జంతువుల పేర్లు ఇంగ్లీషులో గడగడా చెప్తోంది. మరి ఇది మాటలు రావడం కాదా? ఫోన్ అంటే చాలు అందరూ రాక్షసిని చూసినట్టు చూస్తారు.

శ్రీకాకుళం స్పీచ్
ఈ పనిలో ఉన్నదాన్ని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

ముందు షాపు అన్నయ్యకి. మీ పాప "ఎల్లో" అంటోంది, సంతోషం. ఒక్కసారి ఫోన్ పక్కన పెట్టి, మార్కెట్లో అరటిపళ్ళు కనిపించినప్పుడు తనంతట తాను మీ చొక్కా లాగి "ఎల్లో" అని చూపిస్తుందేమో చూడండి. చూపిస్తే మాట వచ్చినట్టే. పాట మొదలైతేనే వరసగా వస్తుంటే అది పాటతో పాటు అంటుకున్న శబ్దం, ఇంకా తన చేతి పనిముట్టు కాలేదు. 2010లో డిలోష్ అనే పరిశోధకురాలు ఏడాది నుంచి ఏడాదిన్నర పిల్లలకి మాటలు నేర్పుతుందని అమ్ముడుపోయే ఒక వీడియోని నెల రోజులు ఇళ్ళల్లోనే చూపించారు. వీడియో చూడని పిల్లలకంటే వాళ్ళకి ఎక్కువ మాటలేమీ రాలేదు. అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నది, వీడియో లేకుండా అవే మాటల్ని అమ్మానాన్నలు రోజువారీ పనుల్లో చెప్పిన పిల్లలు. తమాషా ఏమిటంటే, వీడియో నచ్చిన తల్లిదండ్రులు మాత్రం "మావాడు చాలా నేర్చుకున్నాడు" అనుకున్నారు.

కారణం కంటి చూపులో ఉంది. 1991లో డేర్ బాల్డ్విన్ ఒక చక్కటి ప్రయోగం చేశారు. పిల్లవాడి చేతిలో ఒక కొత్త బొమ్మ. ఆవిడ తన ముందున్న డబ్బాలోకి, అంటే ఇంకో బొమ్మ వైపు చూస్తూ, ఎన్నడూ వినని ఒక పేరు పలికారు. తన చేతిలో ఉన్న బొమ్మకే ఆ పేరని పిల్లవాడు అనుకోవాలి కదా? ఏడాదిన్నర పిల్లలు అలా అనుకోలేదు. తలెత్తి ఆవిడ మొహం చూశారు, ఆవిడ చూస్తున్నది ఏమిటో చూశారు, పేరుని ఆ డబ్బాలోని బొమ్మకే కట్టారు. మాట వినపడగానే "ఈవిడ దేన్ని చూసి అంటోంది?" అని వెతికే తెలివి వాళ్ళకి అప్పటికే ఉంది. స్క్రీన్ మీది బొమ్మ పిల్లవాడి వంక చూడదు, వాడు చూసే వైపుకీ తిరగదు. వెతుక్కోవడానికి అక్కడ చూపే లేదు.

మా వాళ్ళు జాయింట్ అటెన్షన్ అనేది దీన్నే. నేను, నువ్వు, మనిద్దరం చూస్తున్న ఆ వస్తువు, పైగా ఇద్దరం చూస్తున్నామని ఇద్దరికీ తెలియడం. మామూలుగా తొమ్మిది నెలల నుంచి ఏడాది మధ్య ఇది కుదురుకుంటుంది.

బొబ్బిలి రిటైర్డ్ లెక్చరర్
ఫోన్ మీద నాకూ ప్రేమ లేదు. నా ప్రశ్నకి జవాబు రాలేదు. అరగంట ఎదురుగా కూర్చోవడం ఎందుకు?

శ్రీకాకుళం స్పీచ్
వస్తున్నాను మాస్టారూ. మీరు చెప్పిన రెండూ నిజమే. వాటి పక్కన 2013లో వైస్‌లెడర్, ఫెర్నాల్డ్ చేసినదీ పెట్టాలి. అమెరికాలో స్పానిష్ మాట్లాడే పేద కుటుంబాల్లో పంతొమ్మిది నెలల పిల్లలు విన్న మాటలన్నీ రికార్డు చేశారు. పిల్లవాడిని ఉద్దేశించి అన్నవి వేరు, పక్కవాళ్ళు తమలో తాము అనుకున్నవి వేరు చేశారు. రెండేళ్ల వయసులో ఎవరికి ఎక్కువ మాటలొచ్చాయన్నది మొదటి దానితోనే ముడిపడింది. ఇంట్లో మోగే మొత్తం మాటలతో కాదు. మీ అఖ్తర్ ప్రయోగంలో కూడా పిల్లల ముందు జరిగే పనేమిటో స్పష్టంగా ఉంది, వాళ్ళు దాన్ని చూస్తున్నారు. వీధరుగు మీద పింఛను గురించీ ఎలక్షన్ గురించీ నడిచే మాటల్లో ఇరవై నెలల వాడికి పట్టుకోడానికి ఏముంది?

అరగంట అని మా వాళ్ళు ఎందుకంటారంటే, చెప్పకపోతే అసలు జరగదని. అంతకంటే శాస్త్రం లేదు అందులో.

గార అంగన్‌వాడీ
నేను చదివినదాన్ని కాను, చూసినది చెప్తాను.

మా సెంటర్లో గోడకి జంతువుల చార్టు ఉంది. ఒక గుంటడు, రెండేళ్లు నిండలేదు, నోరు విప్పేవాడు కాదు. ఆయమ్మ వాడి గడ్డం పట్టుకుని చార్టు వైపు తిప్పి "ఏనుగు అను, ఏనుగు" అంటే వాడు మెడ విదిలించుకుని గుమ్మం దగ్గరకి పోయి గొంతుక్కూర్చునేవాడు. ఏం చూస్తున్నాడా అని నేను వెళ్ళి పక్కనే కూర్చున్నాను. గడప పగుల్లోంచి చీమల బారు. మధ్యాహ్నం పిల్లలు పారేసిన మెతుకుని నాలుగు చీమలు లాక్కుపోతున్నాయి. వాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. నేను "చీమ. చీమ మెతుకు పట్టికెళ్ళిపోతంది" అన్నాను. చీమని చూశాడు, నా మొహం చూశాడు, మళ్ళీ చీమని చూశాడు. మెతుకు పగుల్లోకి దూరక ఇరుక్కుంది. "అయ్యో, పట్టలేదు!" అంటే కిసుక్కున నవ్వాడు. మర్నాడు వస్తూనే నా చీర కొంగు పట్టుకుని గుమ్మం దగ్గరకి లాక్కెళ్ళి "తీమ" అన్నాడు. ఆ రోజు చీమల్లేవు. లేవని వేలు చూపించి ఏడుపు.

ఏనుగు ఆ తర్వాత ఎప్పుడో వచ్చిందిలెండి. గారలో ఏనుగుతో వాడికి పనేంటి?

శ్రీకాకుళం స్పీచ్
అక్కా, మీరు చేసినదాన్నే 1986లో తొమసెల్లో, ఫారర్ అనే ఇద్దరు లెక్కగట్టి చూపించారు. పిల్లవాడి చూపు అప్పటికే దేని మీదుందో దాని పేరు చెప్పే తల్లుల పిల్లలకి తర్వాత ఎక్కువ మాటలొచ్చాయి. పిల్లవాడి చూపుని పదే పదే తాము చూపే వస్తువు వైపు మళ్ళించి పేర్లు చెప్పే చోట తక్కువ. ఆయమ్మ గడ్డం తిప్పడం ఈ రెండోది. చాలామంది చదువుకున్న తల్లులూ ఇదే చేస్తారు, ఫ్లాష్ కార్డులు పట్టుకుని.

టెక్కలి టు దుబాయ్
ఒక డౌట్. నేను ఇక్కడ, నా భార్యా రెండేళ్ల పాపా ఊళ్ళో. రోజూ వీడియో కాల్‌లోనే పాపని చూడడం. అదీ స్క్రీనే కదా. మానేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

శ్రీకాకుళం స్పీచ్
అస్సలు మానేయకండి. 2014లో రెండు నుంచి రెండున్నరేళ్ల పిల్లల మీద ఇదే చూశారు. ముందే రికార్డు చేసిన వీడియోలోంచి కొత్త మాట నేర్చుకోలేకపోయిన పిల్లలు, లైవ్ వీడియో కాల్‌లో మనిషి తమకి బదులిస్తూ చెప్తే నేర్చుకున్నారు. పాప ఏం చేస్తే మీరు దానికి అప్పటికప్పుడే బదులిస్తున్నారు, తేడా అంతా అందులో ఉంది. ఒక చిట్కా: "అమ్మా, నాన్నకి హాయ్ చెప్పు" అని అడుగుతూ కూర్చోకండి. పాప ఏదైనా కెమెరా ముందుకి తెస్తే దాని మీదే మాట్లాడండి. మీ ఆవిడ పక్కనే కూర్చుంటే ఇంకా మంచిది.

చీపురుపల్లి నాన్న
బాగుంది. దుబాయ్ ఫోన్ మంచిది, చీపురుపల్లి ఫోన్ చెడ్డది.

గార అంగన్‌వాడీ
హహ. అన్నయ్యా, మీరూ షాపు నుంచి పాపకి వీడియో కాల్ చేయండి, ఎవరొద్దన్నారు.

ఇచ్ఛాపురం బావ
మా ఇంట్లో ఒడియా, తెలుగు రెండూ. రెండు భాషల వల్లే ఆలస్యం అని ఎవరో డాక్టరు అంటే ఇంట్లో ఒడియా ఆపేశాం. సరైనదేనా?

శ్రీకాకుళం స్పీచ్
కాదు. రెండు భాషల వల్ల మాటల లోపం రాదు. రెండు భాషల్లో ఉన్నవీ కలిపి లెక్కపెట్టండి. నానమ్మకి ఒడియానే హాయిగా వస్తే ఆవిడ ఒడియాలోనే మాట్లాడాలి. రాని భాషలో ముక్తసరిగా మాట్లాడే నానమ్మ వల్ల వాడికి ఒరిగేదేమీ లేదు.

బొబ్బిలి రిటైర్డ్ లెక్చరర్
వీటన్నిటికీ ఒప్పుకున్నా రాజాం అమ్మాయి అత్తగారి ప్రశ్న అలాగే ఉంది. ఆవిడ నలుగురికీ మాటలెలా వచ్చాయి?

నేను అనుకునేది చెప్తాను. వెనకటి రోజుల్లో తల్లి పొలంలో ఉంటే పిల్లవాడు ఎనిమిదేళ్ల అక్క చంకన ఉండేవాడు. ఆ అక్కకి వేరే వ్యాపకం లేదు. కాకిని చూపించేది, బండిని చూపించేది, వాడు వేలు పెట్టిన ప్రతిదానికీ ఏదో ఒకటి అనేది. చంకలో ఉన్నవాడి కళ్ళూ మోసేవాళ్ళ కళ్ళూ ఒకే ఎత్తులో ఉంటాయి. సాయంత్రం అరుగు మీద తాత ఒళ్ళో కూర్చుని వచ్చే పోయే మేకల్ని చూడడమూ అంతే. కాబట్టి ఎవరూ "కూకోలేదు" అన్నది నిజమే గానీ, ఎవరూ పట్టించుకోలేదన్నది నిజం కాదు.

ఇప్పుడు ఆ ఎనిమిదేళ్ల అక్క స్కూల్లో ఉంది, సాయంత్రం ట్యూషన్లో ఉంది. ఇల్లు నిండుగానే ఉంది, ఖాళీగా ఉన్న జత కళ్ళు లేవు.

రాజాం కోడలు
మాస్టారూ, ఇది చదివి వినిపించాను. అత్తయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మా పెద్దదే మోసింది సిన్నోళ్ళని" అన్నారు.

నిజం చెప్పాలంటే మా ఇంట్లో అయిదుగురు పెద్దలం, అయిదు ఫోన్లు. బాబు ఏదో చూపిస్తుంటే తలెత్తకుండానే "ఊ, ఊ" అనేస్తాం.

శ్రీకాకుళం స్పీచ్
ఆ "ఊ, ఊ" దగ్గరే ఒక ప్రయోగముంది. 2017లో తల్లుల చేత రెండేళ్ల పిల్లలకి రెండు కొత్త మాటలు నేర్పించారు. ఒక మాట నేర్పుతుండగా మధ్యలో తల్లికి ఫోన్ మోగింది, ఆవిడ మాట్లాడి మళ్ళీ వచ్చి నేర్పింది. ఆ మాట పిల్లలకి రాలేదు. ఆటంకం లేకుండా నేర్పిన మాట వచ్చింది. రెండు మాటలూ చెప్పినన్ని సార్లే చెప్పారు.

ఇప్పుడు అసలు విషయం అడుగుతాను. బాబు వేలితో చూపిస్తాడా? బిస్కెట్ డబ్బా కావాలని చూపించడం కాదు. కుక్కో విమానమో కనిపిస్తే, ఊరికే మీరూ చూడాలని చూపించి మీ మొహం వైపు తిరుగుతాడా? పేరు పెట్టి పిలిస్తే చూస్తాడా?

రాజాం కోడలు
పిలిస్తే చూస్తాడు. ట్రాక్టరు వస్తే చాలు, వేలు చాపి "ఓ ఓ" అంటూ నా గడ్డం పట్టుకుని అటు తిప్పుతాడు. నేను చూశానా లేదా అని మళ్ళీ నన్ను చూస్తాడు.

శ్రీకాకుళం స్పీచ్
ఇది చాలా మంచి సంగతి. ఏడాదిన్నర దాటినా ఇలా పంచుకోవడానికి చూపించకపోతే, పిలిస్తే పలకకపోతే, "మగపిల్లలకి లేటుగానే వస్తాయి, వాళ్ళ నాన్నకీ అంతే" అని కూర్చోకూడదు. ఆటిజం ఉన్న పిల్లల్లో తొందరగా కనిపించే తేడాల్లో ఇదొకటి. అయినా మీరు వినికిడి పరీక్ష ఒకటి చేయించండి, బాగానే వింటున్నాడని ఇంట్లో అనుకోవడం సరిపోదు. ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ బాలల ఆరోగ్య పథకం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీ అని, పిల్లల ఎదుగుదలలో తేడాలని తొందరగా పట్టుకుని చూసే కేంద్రాలు ఉన్నాయి, ఖర్చు ఉండదు. మీ ఊరి అంగన్‌వాడీలోనో ఏఎన్ఎం దగ్గరో అడిగితే పంపిస్తారు.

రైమ్స్ మాత్రం ఆపాలి. రెండేళ్లు నిండని పిల్లలకి స్క్రీన్ అసలు వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. అన్నం వేళ ఫోన్ పెడితే రోజులో ఒకరి మొహం ఒకరు చూసుకునే మూడు పూటలూ పోతాయి.

బొబ్బిలి రిటైర్డ్ లెక్చరర్
గడియారం పెట్టి అరగంట అనడం మాత్రం నేను ఒప్పుకోను.

రాజాం కోడలు
అత్తయ్యా ఒప్పుకోలేదు మాస్టారూ. "నా మోకాళ్ళకి కింద కూకోడం కుదరదు, తోటకూర ఒలిచినప్పుడు పక్కన మంచం మీద ఎక్కించుకుంటాను, ఆడు ఏది పీకితే దాని పేరు సెప్తాను, సాలా?" అని అడగమన్నారు.

శ్రీకాకుళం స్పీచ్
సాలు అని చెప్పండి. కూరలో కాస్త పుల్లలు పడితే మీరు ఏమీ అనకండి.